గృహవ్యయ విచారము: సిపాయి యింటికి కెమెరా



ఈ మాసమున మన శీర్షికకు వచ్చిన జాబులలో మూడింట ఒకే ప్రశ్న కనబడినది. సైన్యముననున్న తమ్ముడో, మగడో, కుమారుడో కెమెరా కొనదలచినాడు. మిలిటరీ క్యాంటీనులో సగము ధరకే వచ్చునట. కొనవచ్చునా, కూడదా యని. మన శ్రీకాకుళము, విజయనగరము సీమలలో ఈ ప్రశ్న పుట్టుట వింత గాదు. విజయనగరపు రాజాగారు పి.వి.జి. రాజుగారిచ్చిన కోరుకొండ మేడలో 1962లో సైనిక పాఠశాల వెలసినది మొదలు, దాని మెట్లెక్కి అధికారులైనవారు కొందఱు. తూర్పు నౌకాదళము విశాఖపట్టణముననే యుండుటచే నావికులైనవారు కొందఱు. పరుగుపందెములో నెగ్గి జవానులుగా చేరిన రైతుబిడ్డలు ఎందఱో. వారి జీతము మనియార్డరుగా గాక బ్యాంకు ఖాతాకు వచ్చుచున్నను, దానిని లెక్కవేసి ఖర్చుపెట్టునది మాత్రము ఇంటిలోని ఆడుదియే. కావున ఈ విచారము మన విచారమే.

మొదట ఆ సగము ధర మాట తేల్చెదను. అది వట్టి మాట. సగమగునది ధర గాదు, పన్ను. క్యాంటీను స్టోర్సు డిపార్టుమెంటు 1948లో ఏర్పడినది, రక్షణశాఖకు చెందినది, దాని ముఖ్య కార్యాలయము బొంబాయిలో, అనగా నేటి ముంబయిలో ఉన్నది. అది వర్తకులయొద్ద సరకు కొన్నపుడు చెల్లించిన జి.ఎస్.టి.లో సగము ప్రభుత్వము తిరిగి యిచ్చును. డిజిటల్ కెమెరాపై మొదట 28 పాళ్లున్న ఆ పన్నును 2018 డిసెంబరులో 18 పాళ్లకు తగ్గించిరి. ఇప్పుడు లెక్క చూడుడు. అంగడిలో 59,000 రూపాయలకు దొరకు కెమెరాలో అసలు వెల 50,000, పన్ను 9,000. అందు సగము 4,500. అంతియే! మొత్తములో రమారమి పదమూడవ పాలు. పెద్ద మొత్తముగ కొనుటచే వర్తకుడు తన లాభములో కొంత తగ్గించిన మఱికొంత కలిసివచ్చును గాని, సగమనునది ఎక్కడను లేదు. దసరాకో దీపావళికో అంగళ్లవారు, అంతర్జాల వర్తకులు ప్రకటించు తగ్గింపు ఒక్కొక్కమారు ఈ లాభమును మించియే యుండును. కావున క్యాంటీను ధర, పండుగ ధర, పట్టణపు అంగడి ధర మూడును ఒకే కాగితముపై ప్రక్కప్రక్కనే వ్రాసికొని, పిమ్మట సంచి విప్పుడు.

ఇంకొక చిక్కు కలదు. క్యాంటీనులో సబ్బులు, నూనెలు, బిస్కట్లు బల్లలపై నుండి తీసికొనివచ్చినట్లు పెద్ద వస్తువులను తెచ్చుకొన వీలులేదు. కారు, మోటారుసైకిలు, శీతలపేటిక, బట్టలుతుకు యంత్రము వంటివానిని ముందుగా కోరిక తెలిపి, సొమ్ము చెల్లించి, అనుమతిపత్రమును బట్టి వర్తకునియొద్ద తీసికొనవలెను. ఇట్టి వస్తువుల కొఱకు 2021 జనవరి 8వ తేదీన రక్షణమంత్రి ఒక అంతర్జాల ద్వారమును ప్రారంభించిరి. కెమెరా ఆ పట్టికలో ఉన్నదో లేదో, ఉన్నచో ఏ రకమో, కొనదలచిన నెలలోనే అడిగి తెలిసికొనవలెను, పట్టికలు మారుచుండును. నేరుగ విదేశమునుండి దిగుమతియగు సరకును ఇకమీదట క్యాంటీనులకు కొనవలదని 2020 అక్టోబరులో ఆదేశము వెలువడినట్లు పత్రికలు వ్రాసినవి. పేరుపడిన కెమెరాలు అనేకము జపానులోను, థాయిలాండులోను తయారగునవి. కావున పట్టికను చూడకమునుపే ఇంటిలో ఆశ పెంచుకొనుట తగదు. విశాఖలోని నౌకాదళపు క్యాంటీనుకు పోవుటకు బస్సు ఛార్జీలు, ఒక దినపు కూలి నష్టము కూడ లెక్కలోనికి వచ్చునవే గదా. ముందు ఫోనుచేసి అడుగుట మేలు.

బొబ్బిలి సమీపమునుండి ఒక సోదరి వ్రాసినది: “మా తమ్ముడు అగ్నివీరుడు. రెండవ సంవత్సరము. అప్పా, ఈ సెలవుకు వచ్చునాటికి కెమెరా కొనిపెట్టు, నెలనెలా నేను కట్టెదనని పట్టుబట్టుచున్నాడు. చెల్లెలి పెండ్లికి తెచ్చిన అప్పు ఇంకను తీరలేదు. కాదన్న మనసు నొచ్చుకొనునేమో.” ఈ జాబును రెండుమార్లు చదివితిని.

అగ్నివీరుని జీతపు లెక్క మన స్త్రీలలో అనేకులు సరిగా ఎఱుగరు. 2022 జూన్ 14వ తేదీన ప్రకటించిన పథకమును బట్టి మొదటి యేట నెలకు 30,000. అందు నూటికి 30 చొప్పున సేవానిధికి పోగా చేతికి వచ్చునది 21,000. రెండవ యేట 33,000 గాను చేతికి 23,100. నాలుగవ యేట 40,000 గాను 28,000. ఉద్యోగస్థలమును బట్టి భత్యములు వేఱు. కోసినదానికి సరిసమానముగ ప్రభుత్వమును నిధిలో వేయును. నాలుగేండ్లు నిండినపుడు వడ్డీతో కూడ సుమారు 11 లక్షల 71 వేలు వచ్చునని ఆనాడు చెప్పిరి. నూటికి 25గురిని మించకుండ సైన్యమున నిలుపుకొందురు. తక్కినవారు ఇంటికి వత్తురు. అట్లు వచ్చినవారికి మాజీ సైనికుల హోదాయు లేదు, క్యాంటీను సౌకర్యమును లేదు. ఉన్న నాలుగేండ్లును క్యాంటీను ఉన్నది గదా, అందుచేతనే ఇప్పుడే కొనవలెనని పిల్లవాడు తొందరపడుచున్నాడు. వాని తొందర నాకు అర్థమగుచున్నది. కాని 4,500 మిగుల్చుకొనుటకై, చేతికి 23,100 వచ్చువాడు 59,000 వెచ్చించుట, అనగా రెండున్నర నెలల జీతమును ఒక పెట్టెలో పెట్టుట! అదియును వాయిదాల మీదనైనచో వడ్డీయే ఆ లాభమును మ్రింగివేయవచ్చును. వడ్డీలేని వాయిదా యని చెప్పుచోట కూడ, ఒక్కమారే నగదిచ్చిన వెల యెంతకు తగ్గునో అడిగి చూడుడు. తగ్గినచో ఆ తగ్గినదియే వడ్డీ.

ఆ సోదరికి నా సలహా యిది. కాదనవలదు; ఎనిమిది నెలలు ఆగుమనవలెను. నెలకు 3,000 చొప్పున తమ్ముడు అప్పగారి పేర పంపిన 24,000 అగును. అంత సొమ్ముతో వాడిన కెమెరా మంచిదే దొరకు అవకాశము కలదు. ఈలోగా పెండ్లి అప్పునకు కట్టవలసినది కట్టుచునే యుండవలెను. ఎనిమిది నెలలు సొమ్ము కూడబెట్టిన పిమ్మటను వానికి కెమెరాపై మోజు నిలిచియున్నచో అది నిజమైన కోరికయే.

జాబులలోని రెండవ ప్రశ్న మఱింత సున్నితమైనది. ఇంటిలో మిలిటరీ కార్డున్నదని తెలిసినంతనే ఊరిలో వరుసలు పెరుగును. “పిన్నీ, మా అబ్బాయికి ఒక కెమెరా మీ కార్డు మీద తీయించి పెట్టరా? సొమ్ము ముందే ఇచ్చెదము” అని యొకరు, “వదినా, మనలో మనకు దాపరికమేమి” అని మఱియొకరు. క్యాంటీను సరకు సైనికునికి, అతని కుటుంబమునకు మాత్రమే. ఇతరులకు కొనియిచ్చుట, అమ్ముట, కార్డును ఎరువిచ్చుట నిషిద్ధములు. పట్టుబడిన కార్డు రద్దగుటయే గాక, ఉద్యోగములోనున్నవానిపై క్రమశిక్షణ చర్య వచ్చును. పిన్నిగారు మొగమాటమునకు తీయించిన కెమెరాకు జవాబు చెప్పవలసినవాడు ఎక్కడో లడాఖులోనో అరుణాచలములోనో నిలిచియున్న కుఱ్ఱవాడు. అతనికి ఈ సంగతి తెలిసియు నుండకపోవచ్చును! నన్నడిగినచో, అడిగినవారికి పన్ను లెక్క చూపుటయే చాలును. “అమ్మా, మీకు కలిసివచ్చునది నాలుగైదు వేలు, నా బిడ్డకు పోవునది ఉద్యోగము” అన్న మాటకు ఏ బంధువును బదులు చెప్పలేడు. చెప్పినచో ఆ బంధుత్వమేపాటిదో తెలిసిపోయినది.

సైనికునికిని చవుక కెమెరాకును గల సంబంధము క్రొత్తది గాదు. 1912లో కోడక్కు కంపెనీవారు చొక్కాజేబులో పట్టు చిన్న కెమెరాను తీసికొనివచ్చి, మొదటి ప్రపంచయుద్ధము రాగానే దానిని సిపాయి కోడక్కని ప్రకటించి లక్షలకొలది అమ్మిరి. అదే యుద్ధములో బ్రిటిష్ సేనాధిపతులు యుద్ధరంగమున సిపాయిలు కెమెరాలుంచుకొనరాదని నిషేధించిరి. ఒకవైపు అమ్మకము, ఒకవైపు నిషేధము! తరువాత 1950లో కొరియా యుద్ధమునకు పోయిన అమెరికా పత్రికా ఛాయాగ్రాహకులు జపానులో నికాన్ లెన్సులను చూచి మెచ్చుకొని వాడుటతో ఆ కంపెనీ పేరు లోకమంతట వినబడెను. వియత్నాము యుద్ధకాలమున అమెరికా సిపాయిలు తమ సైనిక దుకాణములలో పన్నులేని ధరకు జపాను కెమెరాలను కొని యిండ్లకు పట్టుకొనిపోయిరి. అట్లు కొన్న కెమెరాలలో కొన్ని నేటికిని ఆ దేశపు పాతసరకుల అంగళ్లలో అమ్ముడుపోవుచున్నవని విందుము. సిపాయికి లభించు ఈ సౌకర్యమునకు మూలమొకటే: దూరముననున్నవానికి తన వారి రూపమును చూడవలెనని, తన రూపమును వారికి చూపవలెనని కోరిక. మేఘసందేశములోని యక్షుడు రాతిపై ప్రియురాలి రూపమును వ్రాయబోయి కన్నీరడ్డగించి వ్రాయలేకపోయినాడు. మన జవానులకు ఆ కష్టము కొంత తగ్గినది.

ఈ కోరికనే ఆసరా చేసికొని మోసగాండ్రును బయలుదేరినారు. దీనిని శ్రద్ధగా చదువుడు. అంతర్జాలములో పాతసరకులు అమ్ము చోట, ‘నేను సైనికుడను, హఠాత్తుగ బదిలీయైనది, కెమెరాను మోసికొనిపోలేను, తక్కువకే ఇచ్చెదను’ అని ప్రకటన కనబడును. సైనిక దుస్తులలో ఫోటో పంపును, గుర్తింపుకార్డు పంపును, క్యాంటీను కార్డు కూడ చూపును. అవి యన్నియు ఎవరివో దొంగిలించిన బొమ్మలు. సరకు సైనిక వాహనములో వచ్చునని, ముందు కొంత, దారిలో కొంత, దింపుడు రుసుము కొంత అని సొమ్ము గుంజును. మనమే అమ్మువారమైనచో కొనువాడుగా వచ్చి, ‘ఈ గడులబొమ్మను ఫోనులో చూపి పిన్ను నొక్కుడు, మీకు సొమ్ము వచ్చును’ అనును. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్క నక్కఱయే లేదు. నొక్కినచో పోవునదే గాని వచ్చునది లేదు. ‘సైనికుడు అబద్ధమాడునా’ యను మన గౌరవభావమే వాని పెట్టుబడి. సిపాయి యింటి స్త్రీలు తక్కినవారికంటె త్వరగా నమ్ముదురు, ఏలయనగా బదిలీ యెట్లు హఠాత్తుగ వచ్చునో వారికి తెలియును. వస్తువును కంటితో చూచి, చేతితో పట్టి, అప్పుడే సొమ్మిచ్చుట తప్ప వేఱు మార్గము లేదు. మోసపోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగ తెలిపిన సొమ్ము నిలుపుదల చేయుటకు అంత అవకాశము.

వాడిన కెమెరాను చూచుట యెట్లు? నేడు పెద్ద కంపెనీలు లోపల అద్దముండు పాతరకము కెమెరాలను విడిచి అద్దములేని రకమునకు మఱలినవి. అందుచేత అద్దపు కెమెరాలు మంచి స్థితిలో ఉన్నవియే తక్కువకు దొరకుచున్నవి. ఇంటి ఫోటోలకు అవి దివ్యముగ చాలును. కెమెరాలో షట్టరను తెర యెన్నిమార్లు తెఱచుకొన్నదో లెక్క యుండును, అమ్మువానిని అడుగవలెను. చవుకరకపు కెమెరాలకు సుమారు లక్షమార్లు దాని ఆయువని అంచనా. ఇరువదివేలలోపు నడచినది బాగుగనే యున్నట్లు లెక్క. పెండ్లి ఫోటోగ్రాఫరులు అమ్మునది పైకి నిగనిగలాడినను లోపల అలసియుండవచ్చును. అసలు బిల్లు అడుగవలెను. బిల్లు లేనిది దొంగసొత్తు కావచ్చును.

లెన్సు మాట కెమెరాకంటె ముఖ్యము. మన సీమ సముద్రతీరము. భావనపాడునుండి భీమునిపట్టణము వఱకు ఉప్పుగాలి, తేమ. ఈ తేమకు లెన్సు లోపలి అద్దములపై బూజు పట్టును. చేతిదీపమును లెన్సు వెనుకనుండి వెలిగించి ముందునుండి చూచిన సాలెగూటివంటి సన్నని పోగులు కనబడినచో ఆ లెన్సును ఎంత చవుకైనను ముట్టవలదు. కొన్న పిమ్మట తోలు సంచిలో ఉంచి బీరువాలో మూయుట మనవారు చేయు పొరపాటు. తోలు తేమను పట్టును. కొందఱు బియ్యపు డబ్బాలో దాచుచున్నారు. తవుడుధూళి లోనికి చొచ్చును. గాలి చొరని మూతగల డబ్బా, అందు సిలికా గుళికల పొట్లము చాలును. రంగుమాఱు గుళికలు తేమ పీల్చి రంగు మాఱినపుడు సన్ననిసెగపై వెచ్చచేసిన మరల పనికివచ్చును. నీలి గుళికలలో కోబాల్టు లవణముండును గనుక వంటపాత్రలో వెచ్చచేయరాదు, పిల్లలకు అందనీయరాదు.

సొమ్ము మిగిలినచో రెండవ కెమెరా వలదు, 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి కొనుడు. అందులోనికి వెలుతురు ఎక్కువగ చొచ్చును. మన పెంకుటింటి నడవలో, పూజగదిలో దీపపు వెలుగున కూడ మొగము తేటగ పడును. కంపెనీలవారు అమ్ము లెన్సులలో చవుకైనవానిలో ఇది యొకటి.

ఇక, కెమెరా ఎవరియొద్ద నుండవలెను? ఈ ప్రశ్నను జాబులలో ఎవరును అడుగలేదు. నాకు మాత్రము ఇదియే ముఖ్యముగ తోచుచున్నది. అగ్నివీరునికి సంవత్సరమునకు 30 దినములు సెలవు. మిగిలిన 335 దినములు ఆతడు కెమెరాను ఏమి చేయును? 1923 నాటి అధికార రహస్యముల చట్టమును బట్టి నిషిద్ధస్థలముల చిత్రములు తీయుట నేరము. శిబిరము, వాహనము, ఓడ, రేవు, తోడివారి తుపాకి, ఇవి వెనుక పడిన ఫోటో ఏది నిర్దోషమో, ఏది దోషమో నిర్ణయించునది తీసినవాడు గాదు. 2020 జూలైలో సైన్యము తన వారిని 89 ఫోను అప్లికేషనులు తీసివేయుమని ఆదేశించినది, ముఖపుస్తకమును అందులోనిదే. అంతకు ముందటి యేడు, 2019 డిసెంబరులో, మన విశాఖపట్టణపు వ్యవహారమున నౌకాదళమువారు ఏడుగురిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు నిర్బంధించిరి. స్త్రీల పేర అంతర్జాలములో స్నేహము నటించినవారికి ఓడల సమాచారము అందించినారని అభియోగము. కుఱ్ఱవాడు పంపిన ఫోటోను మనము మురిసి నలుగురికి పంపుటయు ఆ కోవలోనిదే. అతడు నిలిచిన కొండను, వెనుక నున్న బోర్డును మనము చూడము, చూడవలసినవాడు చూచును. బిడ్డ దుస్తుల ఫోటో మన గోడకు చాలును.

కావున కెమెరా ఇంటనే యుండవలెను, ఇంటిలోని స్త్రీ చేతనే యుండవలెను. ‘మాకేమి తెలియును, చేయి వణకును’ అని వెనుదీయవలదు. ఉషాకన్యకు స్వప్నమున కనబడినవానిని గుర్తించుటకై రాజకుమారులందఱి రూపములను వ్రాసి చూపిన చిత్రలేఖ స్త్రీయే గదా! నేటి కెమెరా అక్షరములు కూడబలుకుకొనునంత కష్టమైనది గాదు. సెలవులో వచ్చిన తమ్ముని చేత రెండు దినములు పాఠము చెప్పించుకొనుడు. పిమ్మట బిడ్డ తొలియడుగు, అత్తగారు జీడిపప్పు వలచుట, పైడితల్లి సిరిమాను నాటి గుమ్మములోని మామిడాకుల తోరణము, వానకు పొంగిన నాగావళి, ఇవి మీరు తీయవలెను. అతడు చూడలేకపోయినవి ఇవియే. తానున్నచోటు అతనికి తెలిసినదే.

తీసినవానిని కేవలము ఫోనులో పంపి ఊరకుండవలదు. సరిహద్దు కావలిలో ఫోనుకు అనుమతిలేని స్థలములు కలవు. సంకేతము దొరకని స్థలములు మఱి యెక్కువ. నెలకు రెండు మూడు ఫోటోలు కాగితముపై అచ్చువేయించి జాబులో పెట్టి పంపుడు. ఇంట నుంచుకొను ప్రతులు రెండు చోట్ల నుండవలెను. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస ప్రాంతమును ముంచిన తిత్లీ తుపానులో పెట్టెలకు పెట్టెలు తడిసి ఆల్బములు ముద్దలైన యిండ్లు నేనెఱుగుదును. కాన ఒక ప్రతి పుట్టింటనో, ఆడుబిడ్డయింటనో దాచుడు. ఫోటోకు వెనుకవైపున సీసపు కలముతో, గట్టిగ అదుమకుండ, తేదీ, ఊరు, మనుష్యుల పేర్లు వ్రాయవలెను. సిరా వ్రాత ముందువైపునకు దిగును. పేరు వ్రాయని ఫోటోను చూచి ముప్పది యేండ్లకు ‘ఈమె యెవరో’ అనుకొనవలసి వచ్చును.

వచ్చు మాసమున వర్షాకాలపు పప్పుధాన్యముల నిలువను గూర్చి వచ్చిన జాబులకు సమాధానములు వ్రాసెదను.